గంటలో మ్యుటేషన్ ఎవరికి, పార్ట్-బి ఎవరికి?

తెలంగాణ ప్రభుత్వం భూ భారతి పోర్టల్‌ను 2025 ఏప్రిల్ 14న ప్రారంభించింది. ఆ తేదీ అనుకోకుండా కుదిరింది కాదు, బాబాసాహెబ్ జయంతి కాబట్టే ఎంచుకున్నారు. ఆ రోజును వాడుకున్న ప్రభుత్వాన్ని ఆ రోజు పేరు మీదనే ప్రశ్నించే హక్కు మనకు ఉంది. ధరణి పోయింది, భూ భారతి వచ్చింది. పోర్టల్ పనిచేస్తోందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. ఎవరికి పనిచేస్తోంది, ఎవరిని వరుసలో నిలబెడుతోంది అన్నదే నా ప్రశ్న.

ధరణి మీద ఇన్నేళ్లూ జరిగిన చర్చ దాదాపు రెండు దారుల్లోనే నడిచింది. ఒకటి సాంకేతికం: సర్వర్ డౌన్, ఆప్షన్ లేదు, మాడ్యూల్ రాలేదు. రెండోది పార్టీల గొడవ: ఎవరి హయాంలో ఎన్ని ఎకరాలు ఎవరి పేరు మీదికి మారాయి. రెండూ అవసరమే. కానీ రెండింటిలోనూ కులం అన్న మాట వినపడదు. తెలంగాణ పల్లెలో ఏ భూమి ఏ రకం కాగితం మీద ఎవరి చేతికి వచ్చిందో తెలిసినవాళ్లెవరూ భూమి నమోదులో జాప్యాన్ని కులం లేకుండా మాట్లాడలేరు.

ముందుగా ధరణికి రావాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. 2020 అక్టోబర్ 29న ప్రారంభమై, నవంబర్ 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్ అయ్యాడు. స్లాట్ బుక్ చేసుకొని వెళ్తే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట అయిపోయేవి. వివాదం లేని పట్టా భూమి ఉన్నవాడికి ఇది నిజంగానే సౌకర్యం. అంతకుముందు రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరిగినవాళ్లు ధరణిని మెచ్చుకున్నారంటే అది అబద్ధం కాదు, అమ్ముడుపోవడమూ కాదు. వాళ్ల అనుభవం అది.

అయితే ఆ సాఫ్ట్‌వేర్ మనసులో ఒక ఆదర్శ రైతు ఉన్నాడు. ఆయన పేరు తాతల నాటి నుంచీ పట్టాదారు కాలమ్‌లో ఉంటుంది. ఆయన భూమి సర్వే నంబర్‌లో ఇంకెవరూ ఉండరు, ఉన్నా హద్దులు తేలి ఉంటాయి. కొన్నప్పుడు రిజిస్టర్డ్ దస్తావేజు రాయించుకున్నాడు. తండ్రి పోగానే విరాసత్ చేయించుకున్నాడు. ఇలాంటి రైతు మా ఊళ్లోనూ ఉన్నాడు. ఆయన ఇల్లు ఊరి మధ్యలో ఉంటుంది, మా వాడలో ఉండదు.

మా వాడకు భూమి వచ్చిన దారులు వేరు. నిజాం కాలంలో చెరువు నీళ్లు పంచే నీరటి పనికి, ఊరి కావలి కాసే సేత్‌సింధి పనికి బదులుగా వచ్చిన ఇనాం భూములు ఒక దారి. ఆ తర్వాత లావణి పట్టాలు. 1958 జూలైలో వచ్చిన జీవో 1406 తర్వాత, ముఖ్యంగా 1970లలో, భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు. 1973 సీలింగ్ చట్టం కింద మిగులుగా తేలి పంచినవి. ఇవేవీ కాకుండా, ఏళ్ల తరబడి జీతం ఉన్న దొర దగ్గరో, పట్నం వలస పోతున్న ఆసామి దగ్గరో తెల్లకాగితం మీద వేలిముద్రలతో కొనుక్కున్న ఎకరం, అర ఎకరం. దీన్నే సాదాబైనామా అంటారు. దళితులు, ఇతర వెనుకబడిన కులాల పేదలు భూమి కొనగలిగిన చోట ఎక్కువగా కొన్నది ఇలాగే. రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకునే స్థోమత ఉంటే భూమి ఇంకో నాలుగు గుంటలు ఎక్కువే కొనేవాళ్లు.

ఈ ఒక్కొక్క రకానికీ ఒక మెలిక ఉంది. ఇనాం భూమికి, 1955 ఇనాంల రద్దు చట్టం ప్రకారం, 1973 నవంబర్ 1 నాటి సాగుదారుకు ఆర్డీవో ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓఆర్‌సీ, కావాలి. దరఖాస్తు పెట్టుకోవాలని నీరటి కుటుంబాలకు ఎవరు చెప్పారు? అసైన్డ్ భూమికి 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం ఉంది. పేదల చేతి నుంచి భూమి జారిపోకుండా చేసిన మంచి చట్టం అది. సాదాబైనామాకు క్రమబద్ధీకరణ కావాలి. అంటే పట్టా భూమికి నియమం ఉంది, మన భూములకు మినహాయింపులు ఉన్నాయి. నియమాన్ని యంత్రం నడపగలదు. మినహాయింపును మాత్రం అధికారి కూర్చొని తేల్చాలి. జాప్యం పుట్టేది అక్కడే.

2017 సెప్టెంబర్ 15న మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో ఈ తేడాకు అధికారిక రూపం వచ్చింది. వివాదం లేనివి పార్ట్-ఎ, వివాదం ఉన్నవి పార్ట్-బి. మూడున్నర నెలల్లో రాష్ట్రమంతా ముగించాలని గడువు. అంత తక్కువ సమయంలో ఊరి రికార్డు తేల్చాల్సిన ఉద్యోగి ఏం చేస్తాడు? కొంచెం చిక్కుగా కనిపించిన ప్రతిదాన్నీ పార్ట్-బిలో పడేస్తాడు. అది తాత్కాలికం అన్నారు. ఆ తర్వాత 2020 చట్టం వచ్చింది. వీఆర్వోలను రద్దు చేశారు, రెవెన్యూ కోర్టులను రద్దు చేశారు. పార్ట్-బిలో ఉన్నవాడు వెళ్లి అడగడానికి ఊళ్లో మనిషి లేడు, మండలంలో కోర్టు లేదు. ఉన్నది మీసేవ కౌంటర్, అందులో ఒక డ్రాప్‌డౌన్ జాబితా.

మా తాతకు 1970లలో అసైన్ చేసిన 2 ఎకరాల 10 గుంటలు ఉన్నాయి. అదే సర్వే నంబర్‌లో మా వాడ కుటుంబాలు ఇంకా పదమూడు ఉన్నాయి. ఆ నంబర్‌లో ఒక అంచున కొంత మేర ఎవరిదన్న తగాదా ఉంది. మా చెలక ఆ అంచుకు దూరం. అయినా పద్నాలుగు కుటుంబాలనూ కలిపి పార్ట్-బిలో పెట్టారు. మా పెద్దనాన్న తహసీల్ ఆఫీసుకు పోయి, "సారూ, నా భూమి ఎటు పోయింది?" అని అడిగితే, కంప్యూటర్ ముందున్న పిల్లగాడు, "ఎటూ పోలే పెద్దమనిషీ, పార్ట్-బిలో ఉంది" అన్నాడట. "పార్ట్-బి ఏ దిక్కున ఉంటది సారూ?" అని అడిగాడు మా పెద్దనాన్న. అక్కడున్నవాళ్లంతా నవ్వారట. ఇంటికొచ్చి ఈ మాట చెప్తూ ఆయనా నవ్వాడు.

నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను, ఫారాలు నింపడం వచ్చు కాబట్టి దరఖాస్తుల పని నా మీద పడింది. మొదటి దరఖాస్తుకు వచ్చిన జవాబు ఒక్క మాట: రిజెక్టెడ్. ఎందుకో లేదు. రెండోసారి అవే కాగితాలు, అదే మాడ్యూల్. ఈసారి కారణం రాశారు: సంబంధిత ఆప్షన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఏది సంబంధిత ఆప్షనో రాయలేదు. మూడోసారి ఆమోదం వచ్చింది, విస్తీర్ణం 1 ఎకరం 10 గుంటలు. మిగిలిన ఎకరం ఏ ఉత్తర్వు ప్రకారం తగ్గిందో ఎక్కడా లేదు. దాన్ని సరిదిద్దుకోవాలంటే మళ్లీ ఇంకో దరఖాస్తు, ఇంకో ఫీజు. ఇక్కడ చదువరులు ఒకటి గమనించాలి. మా పక్క కుటుంబానిది అదే సర్వే నంబర్, అదే ఏడాది అసైన్‌మెంట్, అదే తహసీల్ ఆఫీసు. వాళ్లకు మొదటిసారే పూర్తి విస్తీర్ణంతో పాస్‌బుక్ వచ్చింది. వాళ్లకు వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ ఒకే నంబర్‌లో ఒకే రకం హక్కుకు రెండు జవాబులు వస్తే, ఆ రెండింటి మధ్య ఉన్నది చట్టం కాదు.

పెద్దనాన్న 2021లో పోయాడు. ఆయనకు 57 ఏళ్లు. రైతుబీమా కింద 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తారు. అయితే పాస్‌బుక్ ఉండాలి. పాస్‌బుక్ ఆయన పోయాక వచ్చింది, అదీ సగం భూమికి. 2018 మే నుంచి రైతుబంధు ఇచ్చారు. మొదట ఎకరానికి పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు. అదీ పాస్‌బుక్ ఉన్నవాడికే. మరి జాప్యం ఖరీదు ఎంత? మా ఇంటి లెక్కలో పంట పంటకూ రాని డబ్బు, దాని మీద 5 లక్షలు. జాప్యం అంటే ఓపిక పట్టడం అని చెప్పే అధికారులకు ఈ లెక్క అర్థం కావాలి. ఆలస్యమైన ప్రతి పంటకూ ఒకరి చేతి నుంచి డబ్బు జారిపోయింది. వందల ఎకరాల పట్టా ఉండి, సాగు చేయని ఆసామికి అదే పంటకు లక్షలు పడ్డాయి.

ఈ అస్థిరతకు ఒక నిర్మాణం ఉంది, దాన్ని వ్యక్తుల లంచగొండితనంగా చూస్తే పొరపాటు. ధరణిలో చిన్న అక్షర దోషం నుంచి విస్తీర్ణం తేడా దాకా తేల్చే అధికారం చాలాకాలం కలెక్టర్ ఒక్కరి చేతిలో పెట్టారు. జిల్లా కలెక్టర్ వేల దరఖాస్తులు చూడలేడు, కాబట్టి కింది నుంచి వచ్చిన నివేదిక మీద సంతకం పడుతుంది. ఆ నివేదిక దరఖాస్తుదారుకు కనిపించదు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారే నాటికి పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు సుమారు 2 లక్షల 45 వేలు. 2024 మార్చిలో స్పెషల్ డ్రైవ్ పెట్టి, అధికారాలను తహసీల్దార్, ఆర్డీవో దాకా పంచారు. అది చేయాల్సిన పనే. కానీ పెండింగ్ తగ్గించడానికి రెండు దారులు ఉంటాయి: తేల్చడం, తిరస్కరించడం. డ్యాష్‌బోర్డు మీద రెండూ "పరిష్కారం" కిందే పడతాయి. రెవెన్యూ కోర్టులు రద్దయినప్పుడు మిగిలిన సుమారు 16 వేల కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు ఇస్తే, 2021 మొదట్లో వారాల వ్యవధిలో ముగించేశారు. కక్షిదారుల మాట వినాలని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి వేగం కూడా జాప్యమంత అన్యాయంగా ఉండగలదు.

పహాణీలో ఒకప్పుడు రెండు కాలమ్‌లు ఉండేవి. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు. ధరణి రెండో కాలమ్‌ను తీసేసింది. కౌలుదారు పేరు రికార్డులో ఉంటే పట్టాదారుకు ప్రమాదమని అప్పటి ముఖ్యమంత్రి బహిరంగంగానే వాదించారు. భూమి మీద యజమాని పేరు, పని మీద ఎవరి పేరూ లేదు. దళితుల చేతిలో భూమి తరచూ ఆ రెండో కాలమ్‌లోనే ఉండేది. నలభై ఏళ్లు దున్నినా పట్టా కాని నేల మీద అతని ఉనికికి ప్రభుత్వ కాగితాల్లో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది. ఇప్పుడు సాదాబైనామా క్రమబద్ధీకరణకు వెళ్తే పన్నెండేళ్ల అనుభవం చూపించమంటారు. చెరిపేసిన కాలమ్‌ను సాక్ష్యంగా తెమ్మంటే ఎక్కడి నుంచి తేవాలి?

నిషేధిత జాబితా సంగతి ఇంకా విచిత్రం. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద ప్రభుత్వ భూములను అమ్మకుండా ఆపాలి, అందులో తప్పు లేదు. ఒక సర్వే నంబర్‌లో రెండెకరాలు కాలువకు పోతే మిగతా ఇరవై ఎకరాలనూ తాళం వేసిన ఉదాహరణలు రాష్ట్రమంతా ఉన్నాయి. 1958కి ముందు ధర కట్టి తీసుకున్న లావణి పట్టాను కూడా అసైన్డ్ అని రాసి జాబితాలో పెట్టేస్తారు. రెంటికీ చట్టంలో తేడా ఉందని కోర్టులు చెప్పాయి. ఆ తేడా తెలిసిన వకీలును పెట్టుకోగలిగినవాడి భూమి జాబితా నుంచి బయటికి వస్తుంది. అదే లావణి పట్టా ఉన్న మాల, మాదిగ కుటుంబానికి రాదు. మరోవైపు ఔటర్ రింగు రోడ్డు చుట్టూ అసైన్డ్ భూములు ఎన్ని చేతులు మారాయో ఎవరికి తెలియదు? దళితుడు అమ్ముకోకుండా కాపాడాల్సిన నిషేధం, దళితుడు నమోదు చేసుకోకుండా ఆపడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కథ వేరే మాటల్లో ఉంది. అక్కడ చుక్కల భూములు. రీసెటిల్మెంట్ రిజిస్టర్‌లో పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన పాపానికి లక్షల ఎకరాలు 22-ఎ కిందికి పోయాయి, 2017లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. 2023లో అసైన్ చేసి ఇరవై ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కులన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్రమాలు జరిగితే చేసినవాళ్లను పట్టుకోవాలి. నిజమైన లబ్ధిదారు ఒక ప్రభుత్వం కింద యజమాని, ఇంకో ప్రభుత్వం కింద అనుమానితుడు కావడం ఏమిటి? పైగా అసైన్డ్ భూమికి అమ్ముకునే హక్కు ఇవ్వడం దళితులకు మేలా కీడా అన్నది మన మధ్యనే తేలాల్సిన చర్చ. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు కమిటీ 104 సిఫార్సులు చేసింది. అన్యాక్రాంతమైన భూమిని తిరిగి పేదలకు ఇప్పించడం మీద దాని దృష్టి. ఆ నివేదిక ఇప్పుడు ఎవరి బల్ల మీదా లేదు.

డిజిటల్ అయితే కులం పోతుందన్న నమ్మకం మన రాష్ట్రాలది మాత్రమే కాదు. కర్ణాటక 2000 ప్రాంతంలో భూమి ప్రాజెక్టును తెచ్చినప్పుడు దేశమంతా ఆదర్శమన్నారు. సోలమన్ బెంజమిన్, ఆయన సహచరులు 2007లో చేసిన అధ్యయనం అది బెంగళూరు చుట్టూ పెద్ద కొనుగోలుదారులకు భూమి వెతుక్కోవడాన్ని సులభం చేసిందని చూపింది. తమిళనాడులో 1890లలో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ నివేదిక ఫలితంగా అణగారిన కులాలకు పంచమి భూములు ఇచ్చారు. ఇతరులు కొనకూడదన్న షరతుతో ఇచ్చినా అవి ఎటు పోయాయో తేల్చమని అక్కడి దళితులు ఇప్పటికీ పోరాడుతున్నారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు భూమిలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం లోపే, జనాభాలో వాళ్లు 16.6 శాతం. ఇంత తక్కువ ఉన్నప్పుడు ఒక్కో గుంట రికార్డు నుంచి జారిపోవడం చిన్న విషయం కాదు.

2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాల పథకం మొదలైంది. అది సుమారు 7 వేల కుటుంబాల దగ్గర, 17 వేల ఎకరాల దగ్గర ఆగిపోయింది. కొత్తగా ఇవ్వలేకపోయారు సరే, పాతది రాసివ్వడానికి అడ్డేమిటి? దానికి భూమి కొనాల్సిన పని కూడా లేదు.

అంబేద్కర్ పేరు మీద పోర్టల్ తెరిచినవాళ్లు ఆయన భూమి గురించి చేసిన పనిని కూడా చదవాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆయన మహార్ వతన్ మీద బిల్లు పెట్టారు. ఊరి వెట్టికి బదులుగా ఇచ్చిన ముక్క భూమి మహార్లను బానిసలుగా కట్టి పడేస్తోందన్నది ఆయన వాదన. మన నీరటి ఇనాంలకు అది అన్న వరస. 1937లో ఖోతీ రద్దు బిల్లు పెట్టారు. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో వ్యవసాయ భూమిని రాజ్యం చేతిలో పెట్టి కుల మత భేదం లేకుండా సాగుకు ఇవ్వాలన్నారు. ఆయన దృష్టిలో భూమి రికార్డు లావాదేవీల పుస్తకం కాదు, పల్లెలో ఎవరు ఎవరి ముందు తల వంచాలో తేల్చే పుస్తకం.

కొత్త చట్టంలో మంచి లేదనను. ధరణి తీసేసిన అప్పీళ్లను భూ భారతి తిరిగి తెచ్చింది. విరాసత్ దరఖాస్తును 30 రోజుల్లో తేల్చకపోతే దానంతట అదే మ్యుటేషన్ అవుతుందని చెప్పింది. పేదలకు ఉచిత న్యాయ సహాయం గురించి రాసింది. 2020లో వచ్చి కోర్టు స్టే వల్ల ఆగిన సుమారు 9 లక్షల సాదాబైనామా దరఖాస్తులకు దారి తెరిచింది. 2025 జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు, 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ సంఖ్యే ధరణి మీద తీర్పు.

నా భయం రెండు చోట్ల. రికార్డులో తప్పును సరిదిద్దుకోవడానికి చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. ఏడాదిలో పట్టాదారు తేరుకుంటాడు. బొంబాయిలోనో, గల్ఫ్‌లోనో కూలి చేస్తున్న మా వాడ మనిషికి తన సర్వే నంబర్ తప్పు పడిందన్న సంగతే ఏడాదిలో తెలియదు. రెండోది సర్వే మ్యాప్. లావాదేవీకి మ్యాప్ జత చేయాలన్న నియమం పుస్తకంలో బాగుంటుంది. అసైన్డ్ భూముల్లో చాలాచోట్ల కాగితం మీద ఎకరాలు ఇచ్చారే గాని హద్దు రాళ్లు నాటి ఇవ్వలేదు. ఒకే నంబర్‌లో పద్నాలుగు కుటుంబాలు తాళ్లతో కొలుచుకొని పంచుకున్న నేలకు మ్యాప్ గీయాలంటే ఖర్చు ఎవరిది, పక్క పట్టాదారు గెట్టు జరిపితే ధైర్యం ఎవరిది? ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి, అసైన్డ్, ఇనాం భూములతోనే సర్వే మొదలుపెట్టాలి. ఏడాది గడువు ఈ భూములకు వర్తించకూడదు. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం తెలుగులో రాసి, కింది అధికారి నివేదికను దరఖాస్తుదారుకు ఇవ్వాలి.

ఇంకొకటి కావాలి, అది మనమే మొదలుపెట్టగలం. పెండింగ్ లెక్కలను ప్రభుత్వం మాడ్యూల్ వారీగా, జిల్లా వారీగా చెప్తుంది. భూమి రకం వారీగా, దరఖాస్తుదారు కులం వారీగా చెప్పదు. కుల సర్వే చేశామని గర్వంగా చెప్పుకునే రాష్ట్రంలో ఈ లెక్క తీయడం కష్టమేమీ కాదు. వాళ్లు తీసేదాకా ఆగనక్కర్లేదు. సామాజిక శాస్త్రాల్లో పరిశోధన చేస్తున్న మిత్రులు తలా ఒక మండలం తీసుకోండి. నిషేధిత జాబితా ఎవరైనా చూడొచ్చు. అసైన్‌మెంట్ రిజిస్టర్లు తహసీల్ ఆఫీసుల బీరువాల్లో ఉంటాయి. లబ్ధిదారు ఎస్సీయా, ఎస్టీయా, బీసీయా అన్నది వాటిలో చూడండి. సమాచార హక్కు దరఖాస్తుతో నకలు అడగండి, ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లండి. ఆ రిజిస్టర్‌లోని పేర్లలో ఎన్నింటికి ఇప్పుడు పాస్‌బుక్ ఉంది, ఎంత విస్తీర్ణానికి ఉంది, ఎన్నో దరఖాస్తుకు వచ్చింది అన్న మూడు కాలమ్‌లు చాలు. మా మండలంతో నేను మొదలుపెట్టాను. ఇప్పటికి రెండు ఊళ్ల రిజిస్టర్ల నకలు చేతికొచ్చింది. మూడో ఊరిది దొరకడం లేదని ఆఫీసు రాతపూర్వకంగా చెప్పింది, దాని మీద మొదటి అప్పీలు వేశాను.